సామెతల సేకర్త వ్లదీమిర్ డాల్

రష్యన్ సామెతలను గ్రంథస్థం చేసిన వ్లదీమిర్ డాల్ తండ్రి డెన్మార్కు దేశీయుడు, తల్లి జర్మన్ వంశస్థురాలు. 1801లో నాటి రష్యా సామ్రాజ్యంలోని లుగాన్‌స్క్‌లో అతడు జన్మించాడు. నౌకాదళంలో చేరాడు, పిదప వైద్యమభ్యసించి యుద్ధరంగంలో సైనికులకు చికిత్స చేశాడు. 1837లో మహాకవి పుష్కిన్ మరణశయ్య చెంత ఉన్నవారిలో ఇతడొకడు.

కొలువులు మారినా మాటల సేకరణ మానలేదు. 1819లో ఒక ప్రయాణంలో, మబ్బు పట్టడాన్ని తెలుపుతూ బండివాడు పలికిన పల్లెమాటను వ్రాసుకొన్నాడు. అది మొదలు రైతుల, సిపాయిల, నావికుల పలుకుబడులన్నీ అతని కాగితాల కెక్కాయి.

ముప్పయి వేలకు పైబడిన సామెతల సంపుటిని 1853లో పరిశీలనకు పంపగా ఆటంకమేర్పడింది. భక్తివాక్యాల సరసనే మోటు సామెతలు, మతాచార్యులను వెక్కిరించేవి ఉండరాదని అధికారుల అభ్యంతరం. ప్రజల నోట ఉన్నది ఉన్నట్లే నిలవాలని డాల్ పట్టుదల. ఫలితంగా గ్రంథం 1862లో గాని వెలువడలేదు. అందులో సామెతలు అకారాదిగా గాక విషయానుసారంగా కూర్చబడ్డాయి.

గుడ్లు కోడికి నేర్పవని రష్యనుల సామెత. అవ్వకు గుడ్డు జుర్రడం నేర్పవద్దని ఆంగ్లేయులంటారు. మనకైతే అది తాతకు దగ్గులు నేర్పడమే! మన లోకోక్తులను కార్ దొర మదరాసులో అచ్చొత్తించినది కూడా ఆ దశాబ్దంలోనే, 1868లో.

డాల్ నిఘంటువు సుమారు రెండు లక్షల పదాలతో, నాలుగు సంపుటాలుగా 1863–66 మధ్య వెలువడింది. తదుపరి కూర్పుకై కొత్త మాటలు చేరుస్తూనే 1872లో మాస్కోలో కన్నుమూశాడు.