చిల్లుల్లో మనిషి: హెర్మన్ హోలరిత్ కథ

ఓఎంఆర్ షీటులో గుండ్రాలు దిద్దనివాళ్ళు మన కాలేజీలో ఎవరూ ఉండరు. మనకి సరిపోయే గుండ్రం అందులో లేకపోతే ఏం చేస్తాం? దగ్గరగా ఉన్నదేదో దిద్దేసి వచ్చేస్తాం. మెషీన్‌కి మనం అదే. ఈ పద్ధతికి తాతలాంటివాడు హెర్మన్ హోలరిత్.

1860 ఫిబ్రవరి 29న అమెరికాలోని బఫెలోలో, జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. నాలుగేళ్ళకోసారి వచ్చే పుట్టినరోజన్నమాట! 1879లో, అంటే సరిగ్గా మన వయసులో, కొలంబియాలో మైనింగ్ ఇంజనీరింగ్ పూర్తిచేసి జనాభా లెక్కల ఆఫీసులో చేరాడు. 1880 లెక్కలన్నీ గుమాస్తాలు చేత్తోనే వేసేవాళ్ళు. అవి తేలడానికి ఏడేళ్ళకి పైనే పట్టింది. దీనికో యంత్రం ఉంటే బాగుంటుందన్న ఆలోచన అక్కడి పై అధికారి జాన్ షా బిల్లింగ్స్‌ది. చేసి చూపించింది మాత్రం హోలరిత్.

అసలు ఐడియా రైల్లో దొరికింది. ఒకరి టికెట్ ఇంకొకరు వాడకుండా, అప్పట్లో కండక్టర్లు ప్రయాణికుణ్ణి చూసి జుట్టు రంగు, కళ్ళ రంగు, ముక్కు సైజు గుర్తుగా టికెట్ మీద చిల్లులు పెట్టేవాళ్ళు. అలా టికెట్టే మనిషికి ఫొటో అయిపోయేది. హోలరిత్ ఆ ఫొటోని దేశం మొత్తానికి తీశాడు.

1889లో పేటెంట్ వచ్చింది, 1890లో యంత్రాలు పనిలోకి దిగాయి. మనిషికో కార్డు. వయసుకో చిల్లు, పుట్టిన చోటుకో చిల్లు. కార్డుని ప్రెస్‌లో పెట్టి నొక్కితే, చిల్లు ఉన్న చోట సూది కిందికి దిగి పాదరసాన్ని తాకుతుంది. కరెంటు పారుతుంది, డయల్ మీద ముల్లు ఒక అంకె ముందుకి జరుగుతుంది. చిల్లు లేకపోతే ఏమీ జరగదు. ఆ లెక్కలో అమెరికా జనం 6 కోట్ల 26 లక్షలు.

ఆ ఏడాది ప్రభుత్వం జాతి వివరం కూడా అడిగింది. నల్లరక్తం సగం ఉందా, పావు వంతా, ఎనిమిదో వంతా అని విడివిడిగా రాయించారు. ఒక్కోదానికీ కార్డు మీద ఒక్కో చోటు. 1900కల్లా ఆ మూడూ తీసేశారు. అదే మనిషి, అదే నాయనమ్మ. పదేళ్ళలో చిల్లు మాత్రం మారిపోయింది.

1896లో హోలరిత్ సొంత కంపెనీ పెట్టాడు. యంత్రాల అద్దె దగ్గర జనాభా లెక్కల ఆఫీసుతో గొడవపడ్డాడు. మొండిమనిషి, తగ్గలేదు. వాళ్ళు సొంత యంత్రాలు తయారుచేసుకున్నారు. 1911లో ఆయన కంపెనీ అమ్మేశాడు. అది మరికొన్నిటితో కలిసి, 1924లో ఐబీఎం అనే పేరు పెట్టుకుంది. 1929లో వాషింగ్టన్‌లో ఆయన పోయాడు.

కార్డులు మాత్రం ఆగలేదు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక ప్రష్యాలో జనాభా లెక్కలు తీశారు. ఆ పని చేసింది ఐబీఎం జర్మన్ కంపెనీ. దాని పేరులోనే హోలరిత్ పేరుంది. ఆ కార్డుల్లో మతానికీ ఒక చోటుంది. యూదులు ఏ ఊళ్ళో ఎంతమందో డయళ్ళు లెక్కపెట్టేశాయి. అప్పటికి ఆయన లేడు. తప్పు ఆయనదని నేననను. కానీ చిల్లు పెట్టేవాడు ఒకడు, దాన్ని రేపు చదివేవాడు ఇంకొకడు.

ఇప్పుడు మనల్ని ఎవరూ అడగరు కూడా. ఒక రీల్ దగ్గర రెండు సెకన్లు ఆగితే చాలు, ఎక్కడో మన కార్డుకి ఒక చిల్లు పడుతుంది. తర్వాత వచ్చే రీల్స్ ఆ చిల్లుని బట్టే వస్తాయి. వాటినే చూసీ చూసీ, నా టేస్టే ఇంత అనుకుంటాం. రైలు ప్రయాణికుడికి కనీసం తన టికెట్ తన చేతిలో ఉండేది. మన కార్డు మనకి కనపడదు.

రేపు డీబీఎంఎస్ ల్యాబులో మనమూ టేబుల్స్ గీస్తాం. కాలమ్‌లో ఏ విలువలు ఉండాలో మనమే డిసైడ్ చేస్తాం. రన్ కొట్టేముందు ఒక్క నిమిషం ఆగి, ఇందులో పట్టని మనిషి ఎవరో ఆలోచిద్దాం. ఆ మనిషి మన పక్క బెంచీలోనే ఉండొచ్చు.