జాన్ బెన్నెట్ లాస్

సర్ జాన్ బెన్నెట్ లాస్ (డిసెంబర్ 28, 1814 - ఆగష్టు 31, 1900) ఇంగ్లాండుకు చెందిన వ్యవసాయ శాస్త్రవేత్త, ఎరువుల పారిశ్రామికవేత్త. ఎండుగడ్డి కోసం పెంచే పచ్చిక భూమిపై 1856లో ఇతడు ప్రారంభించిన ఎరువుల ప్రయోగం నేటికీ కొనసాగుతున్నది.

తొలి జీవితం

లాస్ హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో హార్పెండెన్ వద్ద గల రోథామ్‌స్టెడ్ ఎస్టేటులో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయాడు. ఈటన్‌లోను, ఆక్స్‌ఫర్డ్‌లోను చదివినా పట్టా పొందలేదు. 1834లో ఎస్టేటు బాధ్యతలు చేపట్టాడు. అక్కడి నేలలో ఎముకల పొడి ఎరువుగా పనిచేయకపోవడంతో దానిని గంధకామ్లంతో కలిపి చూశాడు. అందులోని భాస్వరం నీటిలో కరిగే రూపానికి మారి మొక్కలకు అందింది. ఇదే సూపర్ ఫాస్ఫేట్. 1842లో దీనికి పేటెంటు పొంది, మరుసటి ఏడు లండన్‌లోని డెట్‌ఫర్డ్‌లో కర్మాగారం నెలకొల్పాడు. 1843లోనే రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ ఇతనితో చేరాడు. వీరిద్దరూ 57 సంవత్సరాలు కలిసి పనిచేశారు.

పార్క్ గ్రాస్ ప్రయోగం

కనీసం నూరేళ్ళుగా పచ్చికగానే ఉన్న సుమారు 7 ఎకరాల భూమిని మడులుగా విభజించారు. కొన్నింటికి పశువుల ఎరువు, కొన్నింటికి భాస్వరం, పొటాష్, మరికొన్నింటికి వీటితోపాటు నత్రజని ఇచ్చారు. కొన్ని మడులకు ఏ ఎరువూ వేయలేదు. మూడు పోషకాలూ అందిన మడులలో గడ్డి దిగుబడి రెట్టింపును మించింది. నత్రజని లేకుండా భాస్వరం, పొటాష్ మాత్రమే వేసిన చోట గాలిలోని నత్రజనిని స్థిరీకరించే చిక్కుడు జాతి మొక్కలు హెచ్చాయి.

అయితే మడులలోని మొక్కలే మారిపోవడం మొదలైంది. ఎరువు వేయని మడులలో అనేక జాతులు నిలిచి ఉండగా, నత్రజని ఎక్కువగా పడిన చోట కొద్దిపాటి గడ్డిజాతులు మిగతావాటిని అణచివేశాయి. ఏటేటా అమ్మోనియం సల్ఫేట్ వేసిన నేల తీవ్రమైన ఆమ్లత్వానికి లోనైంది. అక్కడ వానపాములు కరువై, ఎండిన గడ్డి కుళ్ళక నేలపై చాపలా పేరుకుంది. సోడియం నైట్రేటుతో ఈ బెడద రాలేదు. అంటే చిక్కు నత్రజనిలో కాదు, దానిని అందించే రూపంలో ఉంది. ఎరువుల వ్యాపారి పొలంలోనే ఎరువుకున్న హద్దు బయటపడటం గమనార్హం. లాస్ మరణానంతరం, 1903 నుండి మడులలో సగభాగానికి క్రమపద్ధతిలో సున్నం వేసి ఆమ్లత్వాన్ని తగ్గించారు.

చివరి రోజులు

లాస్ 1872లో ఎరువుల వ్యాపారాన్ని విక్రయించాడు. 1882లో బారొనెట్ బిరుదు పొందాడు. తన తరువాత పరిశోధన ఆగిపోకుండా లక్ష పౌండ్లతో 1889లో ట్రస్టు ఏర్పాటు చేశాడు. 1900లో రోథామ్‌స్టెడ్‌లోనే మరణించాడు. మరుసటి ఏడు గిల్బర్ట్ కూడా కన్నుమూశాడు.