నౌకాయాన సారథి సుమతీ మొరార్జీ

విశాఖపట్నంలో నౌకానిర్మాణ కేంద్రానికి సమీపాన ఉన్న ప్రాంతాన్ని నగరవాసులు నేటికీ ‘సింధియా’ అని వ్యవహరిస్తారు. అది ఒక నౌకాయాన సంస్థ మిగిల్చిన పేరు. ఆ సంస్థ పగ్గాలు దశాబ్దాల పాటు ఒక మహిళ చేతిలో ఉన్నాయన్న విషయం పలువురికి తెలియదు. ఆ మహిళయే సుమతీ మొరార్జీ.

ఆమె 1909 మార్చి 13వ తేదీన బొంబాయిలో ఒక సంపన్న వర్తక కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జమున. నాటి ఆచారం ప్రకారం చిన్న వయసులోనే శాంతికుమార్‌తో ఆమెకు వివాహమైంది. మామగారైన నరోత్తమ్ మొరార్జీ కోడలి బుద్ధికుశలతకు ముచ్చటపడి ఆమెకు సుమతి అని పేరు పెట్టారు. ఆ పేరును ఆమె జీవితాంతం సార్థకం చేసుకున్నారు.

ఆ రోజులలో భారత సముద్ర వాణిజ్యం ఆంగ్లేయ సంస్థల గుత్తాధిపత్యంలో ఉండేది. దానిని ఎదిరించి నరోత్తమ్ మొరార్జీ, వాల్‌చంద్ హీరాచంద్ మొదలైనవారు 1919లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించారు. ఆ ఏడాది ఏప్రిల్ 5న ‘లాయల్టీ’ అనే నౌక బొంబాయి నుండి లండనుకు బయలుదేరింది. ఆ రోజునే మనం జాతీయ నౌకాయాన దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆంగ్లేయ సంస్థలు రవాణా ఛార్జీలను తగ్గించి ఈ స్వదేశీ సంస్థను మొగ్గలోనే తుంచివేయాలని చూశాయి. సుమతి వ్యాపార విద్యను అభ్యసించినది ఈ పోరాటంలోనే. యౌవనంలోనే నిర్వహణ బాధ్యతలలో పాలుపంచుకొని, క్రమంగా డైరెక్టర్ల మండలిలో స్థానం పొందారు. మహాత్మాగాంధీతో ఆమెకు సన్నిహిత పరిచయం ఉండేది. 1942 తరువాతి ఉద్యమకాలంలో ఆమె రహస్యంగా స్వాతంత్ర్య సమరానికి తోడ్పడ్డారు.

నౌకలను నడిపితే చాలదు, వాటిని మన దేశంలోనే నిర్మించాలన్నది సింధియా సంస్థ సంకల్పం. అందుకు విశాఖ తీరం ఎంపికయింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జపాను విమానాలు విశాఖపై బాంబులు కురిపించాయి. అయినను సంకల్పం సడలలేదు. 1946లో సుమతి సంస్థ నిర్వహణ భారాన్ని పూర్తిగా స్వీకరించారు. ఆరు వేలకు పైగా సిబ్బంది ఆమె ఆజ్ఞలను పాటించేవారు. 1948 మార్చి 14న ‘జల ఉష’ నౌకను ప్రధానమంత్రి నెహ్రూ విశాఖలో జలప్రవేశం చేయించారు. ఈ కేంద్రమే 1952లో ప్రభుత్వ భాగస్వామ్యంతో హిందూస్థాన్ షిప్‌యార్డుగా మారింది.

1956లో భారత నౌకాయజమానుల సంఘం సుమతిని అధ్యక్షురాలిగా ఎన్నుకొన్నది. పురుషులే ఏలిన ఆ రంగంలో అట్టి పదవి ఒక మహిళకు దక్కడం అపూర్వం. 1971లో భారత ప్రభుత్వం ఆమెను పద్మవిభూషణ్ పురస్కారంతో సత్కరించింది.

జీవితచరమాంకం అంత సాఫీగా సాగలేదు. 1979లో ఆమె సంస్థ ఛైర్మన్ పదవిని చేపట్టారు. తరువాతి సంవత్సరాలలో ప్రపంచ నౌకాయాన రంగాన్ని మాంద్యం ఆవరించింది. సంస్థ అప్పులలో కూరుకుపోగా, 1987లో నిర్వహణ ప్రభుత్వం చేతిలోకి వెళ్లింది. 1998లో సుమతీ మొరార్జీ పరమపదించారు.

సంస్థ వెలిగిన రోజులలోను, క్షీణించిన రోజులలోను నాయకురాలు ఒక్కరే. కనుక లాభనష్టాలను స్త్రీత్వానికో పురుషత్వానికో ముడిపెట్టడం న్యాయం కాదు. ఉన్నత పదవులలో మహిళలున్న సంస్థలు అధిక లాభాలు గడిస్తున్నాయని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. మహిళల వల్ల లాభం వచ్చినదా, లాభాలున్న సంస్థలే మహిళలకు చోటిచ్చినవా అని మరికొందరు పరిశోధకులు ప్రశ్నిస్తున్నారు. ఈ వాదం ఎటు తేలినా ఒక సత్యం మిగులుతుంది. నష్టాలు వచ్చినప్పుడు పురుషుని అర్హతను అతని పురుషత్వాన్ని బట్టి ఎవరూ శంకించరు. స్త్రీకి కూడా అదే కొలమానం వర్తించాలి.

సుమతికి నిర్ణయాలు జరిగే గది తలుపు తెరిచింది మామగారి కుటుంబం. అట్టి అండ లేని ప్రతిభావంతులు ఎందరో ఆ గడప వెలుపలే నిలిచిపోయారు. అందుకే 2013 నాటి కంపెనీల చట్టం నమోదిత సంస్థలలోను, నిర్దేశిత స్థాయి గల ఇతర పెద్ద సంస్థలలోను కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలని నిర్దేశించింది. చట్టం తలుపు మాత్రమే తెరవగలదు. లోపలికి వచ్చినవారి మాటను శ్రద్ధగా ఆలకించే సంస్కారం మాత్రం సమాజమే అలవరచుకోవాలి.