మందుపాతరలు ఏరిన భగత్

యుద్ధవీరులు అనగానే శత్రువులను చంపినవాళ్లే మనకు గుర్తొస్తారు. చంపే వస్తువును నేలలోంచి ఏరి వీరుడనిపించుకున్న మహనీయుడు లెఫ్టినెంట్ జనరల్ ప్రేమీంద్ర సింగ్ భగత్.

ఆయన 1918 అక్టోబరు 14న గోరఖ్‌పూర్‌లో జన్మించాడు. డెహ్రాడూన్‌లో సైనిక విద్య ముగించుకొని, 1939లో సైన్యపు ఇంజనీర్ల దళమైన బొంబాయి శాపర్స్‌లో అధికారిగా చేరాడు. 1941 జనవరి ఆఖరున ఆఫ్రికాలో ఇటలీ సేనలు వెనక్కి పోతూ దారి పొడుగునా మందుపాతరలు పాతాయి. మెటెమ్మా నుంచి గోండార్ వెళ్లే ఆ దారిని బాగుచేసే పని భగత్‌కి పడింది. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు, అంటే మన సీనియర్ల ఈడే! నాలుగు రోజులపాటు పొద్దు పొడిచింది మొదలు చీకటి పడేదాకా శ్రమించి 55 మైళ్ల మేర 15 చోట్ల మందుపాతరలు తీయించాడు. ఎక్కిన బండి రెండుసార్లు పేలిపోయింది. ఒక చెవి కర్ణభేరి పగిలింది. ఇంకొకరికి పని అప్పగించమన్నా, అలవాటైన చెయ్యి నాదేనని ఒప్పుకోలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన మొదటి భారతీయుడాయన.

సైన్యం సాగిపోవాలని తీసిన దారి అది. మరి సైన్యాలు వెళ్లిపోయాక మిగిలిన వాటి సంగతేమిటి? టి.ఎన్.టి. నీళ్లలో అంత తేలిగ్గా కరగదు, ఏళ్ల తరబడి చెడదు. అదే యుద్ధంలో ఈజిప్టు ఎడారిలో పాతినవి దశాబ్దాల తర్వాత కూడా గొర్రెల కాపరులను పొట్టన పెట్టుకున్నాయి. 2014లో బోస్నియా వరదలు మందుపాతరలను కొత్త చోట్లకు కొట్టుకుపోయాయి. గోదావరి వరదలు చూసిన మనకు ఆ భయం వేరే చెప్పాలా?

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ, విశాఖల మీద బాంబులు వేశాయి. అయినా మన చేలు బతికిపోయాయి. దమ్ము చేసిన మడిలో నాట్లు వేసే మనిషి అడుగు ఎక్కడ వెయ్యాలా అని ఆలోచించడు. పంజాబ్, రాజస్థాన్ సరిహద్దు రైతుకు ఆ నిశ్చింత లేకపోయింది. 2001 డిసెంబరు నుంచి వాళ్ల పొలాల్లో మన సైన్యమే మందుపాతరలు పెట్టింది. పెట్టేటప్పుడూ, తీసేటప్పుడూ సైనికులు చనిపోయారు, రైతులు కాళ్లు పోగొట్టుకున్నారు. 1997 నాటి మందుపాతరల నిషేధ ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. సరిహద్దు రక్షణకు అవి కావాలని ప్రభుత్వ వాదన. కావచ్చు. కాని ఆ చేలల్లో దిగే కాళ్లూ మన కాళ్లలాంటివే కదా!

భగత్ 1974లో సైన్యం నుంచి విరమించి దామోదర్ లోయ కార్పొరేషన్ అధ్యక్షుడయ్యాడు. 1975 మే 23న కన్నుమూశాడు. పాతినవాడి కంటే ఏరినవాడే గొప్పవాడని ఆయన జీవితం మన విద్యార్థి లోకానికి చెబుతోంది.