పంతులుగారి ఏకదీక్ష

ఉద్దానపు కొబ్బరితోటలలో నిలిచి వాయవ్యదిశగా చూచినవారికి మహేంద్రగిరి శ్రేణి నీలిమబ్బువలె కనిపిస్తుంది. తీరానికి సమీపమైన నౌపడా నుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో చిన్న రైలుమార్గం ఏర్పడింది. ఆ రైలు చేరిన పట్టణంలో, ఆ కొండల చెంత, ఒక చరిత్రోపాధ్యాయుడు అప్పటికే 20 ఏళ్లుగా పాఠాలు చెబుతున్నారు. వారే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

వారు 1863 ఆగస్టు 29న వంశధారా తీరాన పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు బాల్యంలోనే గతించారు. విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో చదువు సాగింది. గురజాడ అప్పారావుగారు అక్కడ వారి సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తికాగానే సంసారభారం మీద పడింది. మరుసటి సంవత్సరం పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతంపై ఉపాధ్యాయునిగా చేరారు. పగలు పాఠాలు చెబుతూ, మిగిలిన వేళలలో స్వయంగా చదువుకొని 1896లో బి.ఏ. పట్టం పొందారు. ముఖలింగ దేవాలయంలోని శాసనాలను ఎవరి సాయమూ లేకుండా చదివి అర్థం చేసుకొన్నారు. ఆ దారినే సాగినా వారికి కీర్తికి కొరత ఉండేది కాదు.

కాని వారి మనస్సు రాతిమీది మాటకంటె మనిషి నోటిమాటవైపు మళ్లింది. సమీపారణ్యాలలోని సవరలకు తమదైన భాష ఉన్నది. దానికి బడి లేదు, పుస్తకం లేదు. వచ్చీరాని తెలుగులో మాట్లాడే ఆ కొండవాసులను చూచిన పంతులుగారికి, వీరికి వీరి భాషలోనే చదువు చెప్పాలన్న సంకల్పం కలిగింది. సవర, తెలుగు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తమ ఇంటిలోనే ఉంచుకొని, ఉపాధ్యాయుడే శిష్యుడై, అక్షరం లేని ఆ భాషను చెవితో నేర్చుకొన్నారు.

అది సులభమైన పని కాదు. సవర భాష తెలుగువలె ద్రావిడ భాష కాదు, ఒరియావలె ఆర్యభాషా కాదు. అది ముండా కుటుంబానికి చెందినది. కంఠంలో శ్వాసను క్షణకాలం బిగబట్టి విడిచే ధ్వని అందులో ఉన్నది. మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు. ఇట్టి ధ్వనులను పట్టుకొనడానికి పంతులుగారు పాశ్చాత్య భాషాశాస్త్ర గ్రంథాలను తెప్పించి, గురువు లేకుండానే అభ్యసించారు.

పాఠ్యపుస్తకాలు రచించి, పాటలు, కథలు సేకరించి, సొంత వ్యయంతో సవరలకు బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతాలు కూడ తామే చెల్లించారు. ఆ కృషికి మెచ్చి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా స్వీకరించక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టవలసిందని కోరారు. మన్యపు జ్వరాలు వారిని పీడించాయి. వాటికి అధికంగా వాడిన క్వినైను వలన వినికిడి పోయింది. చెవినే సాధనంగా చేసుకొన్న పరిశోధకునికి ఇంతకుమించిన నష్టం ఉండదు. అయినా పని ఆగలేదు. కుమారుడు సీతాపతిగారు ఆ పరిశ్రమలో తోడుగా నిలిచారు.

30 ఏళ్ల కొలువు అనంతరం, 1911లో, పంతులుగారు ఉద్యోగాన్ని స్వయంగా విడిచిపెట్టారు. ఆనాటికే తెలుగు బోధనను గూర్చిన వాదం వారిని ఆవరించి ఉన్నది. 1907లో పాఠశాలల తనిఖీ అధికారి యేట్సు దొర లేవనెత్తిన ప్రశ్న దానికి మూలం. విద్యార్థి మాట్లాడే తెలుగుకు, వ్రాయవలసిన తెలుగుకు ఇంత అంతరం ఎందుకన్నదే ఆ ప్రశ్న. పంతులుగారు పూర్వగ్రంథాలు శోధించి ప్రయోగాలు చూపారు, సభలలో వాదించారు, 1919లో తెలుగు అనే పత్రికను నడిపారు. సవర భాషా సేవకు ఇది అంతరాయమని పైకి తోచవచ్చును. కాని వారి దృష్టిలో రెండూ ఒకే పని. కొండమీది బిడ్డకైనా, పల్లెలోని బిడ్డకైనా తన నోటిమాట ద్వారానే విద్య అందాలి. ఈ లక్ష్యానికి చెందని సంపద, సుఖం, పదవి ఏదీ వారిని నిలుపలేకపోయింది.

దశాబ్దాల ఆ పరిశ్రమ 1931లో ఆంగ్లంలో వెలువడిన సవర వ్యాకరణంగా ఫలించింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. ఆ చేర్పును ప్రతిఘటించిన పంతులుగారు 56 ఏళ్ల నివాసాన్ని విడిచి, 73వ ఏట రాజమహేంద్రవరం తరలివచ్చారు. ఇల్లు మారినా పని మారలేదు. 1938లో సవర–ఇంగ్లీషు కోశం అచ్చయింది. ఆ సంవత్సరమే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1940 జనవరి 22న మద్రాసులో వారు పరమపదించారు.

వారి జన్మదినాన్ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. పూలమాల వేయడం ఉచితమే. కాని తరగతి గదిలో వెనుకవరుసన మౌనంగా కూర్చున్న బిడ్డ తన ఇంటిమాటలో చెప్పబోయేది, చేతిలోని పనులన్నీ ప్రక్కనబెట్టి కొంతసేపు వినే ఉపాధ్యాయుడే పంతులుగారికి నిజమైన వారసుడు.