పాటిదిబ్బల కింద నగరాలు: గులాం యజ్దానీ

ఆద్ జాతి కథ మన ఇళ్ళలో పిల్లలక్కూడా తెలుసు. ఎత్తయిన స్తంభాల ఇరమ్‌ను, హజ్రత్ హూద్ (అలైహిస్సలాం) మాట పెడచెవిన పెట్టిన ఆ జాతిని దివ్య ఖుర్ఆన్ ప్రస్తావించింది. సాంబ్రాణి మోసిన ఒంటెల బిడారులు నడిచిన దారుల్లో ఆ నగరం కోసం ఎందరో ఇసుకను గాలించారు. అలాంటి వెతుకులాట మన దక్కనులోనూ జరిగింది. ఇక్కడ ఇసుక తిన్నెలకు బదులు చేల మధ్య పాటిదిబ్బలు. ఆ పనికి దారి వేసినవారు గులాం యజ్దానీ.

1885లో ఢిల్లీలో పుట్టిన యజ్దానీ అరబ్బీ, పారశీక భాషల్లో దిట్ట. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పి, ముప్ఫై ఏళ్ళైనా నిండని ఆయన్ను డైరెక్టరుగా నియమించింది. మరుసటి ఏడే గద్వాలకు పడమట, రాయచూరు జిల్లా మస్కీలో, బంగారు గనుల ఇంజనీరు బీడన్ కంట ఓ శాసనం పడింది. అంతవరకు దొరికిన శాసనాల్లో దేవానాంప్రియుడనే బిరుదే ఉండేది. ఈ రాతి మీద అశోకుని పేరే ఉంది. శాఖ తన గ్రంథమాలలో మొదటిదిగా దాన్నే అచ్చువేసింది.

క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు భరూచ్ రేవు నుంచి పైఠాన్‌కు 20 రోజులు, అక్కడి నుంచి తగరకు మరో 10 రోజులు ప్రయాణమని రాసిపెట్టాడు. ఆ పైఠాన్‌లో 1937లో యజ్దానీ శాఖ తవ్వకాలు జరిపింది. 1940లలో సంగారెడ్డి దగ్గర కొండాపూర్ దిబ్బను తవ్వగా శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు, రోమన్ బంగారు నాణెం బయటపడ్డాయి. సముద్రాల అవతలి సొమ్ము మన పల్లె మట్టిలో దొరికింది!

అరబ్బీ పండితుడైన యజ్దానీ బౌద్ధుల అజంతా చిత్రాలపై నాలుగు సంపుటాలు వెలువరించారు. మొదటిది 1930లో, చివరిది 1955లో వచ్చాయి. రంగులు రాలకుండా ఇటలీ నిపుణులను రప్పించారు. వారు పూసిన లక్కపూత కాలక్రమంలో పసుపెక్కడంతో, దాన్ని తొలగించే శ్రమ తర్వాతి తరాల మీద పడింది. అయినా ఆనాడు పట్టించుకోకుంటే మరెన్ని చిత్రాలు రాలిపోయేవో!

1943లో పదవీ విరమణ చేశాక కూడా ఆయన కలం ఆగలేదు. 1947లో బీదరు కట్టడాల గ్రంథం, 1960లో ఆయన సంపాదకత్వంలో దక్కను ప్రాచీన చరిత్ర వెలువడ్డాయి. 1959లో పద్మభూషణ్ లభించింది. 1962లో కన్నుమూశారు.

గోపాల్‌పేట, వనపర్తి ప్రాంతాల సోదరులారా! పాటిమట్టి చేనికి బలమని రైతులు బండ్లకెత్తి తోలుకుపోతారు. ఆ మట్టితోపాటే చరిత్ర కూడా పోతుంది. ఏ పొరలో దొరికిందో తెలియని నాణెం తన కథ చెప్పలేదు. పారకు పాత కుండో, రాతి పనిముట్టో, నాణెమో తగిలితే అక్కడే ఆగి, తహసీల్దారుకు కబురు చేయండి. యజ్దానీ సాహెబ్ జీవితమంతా చేసిన పనిలో మన వంతు అదే.