అనాథమాత భండారు అచ్చమాంబ

దత్తత యనునది మన దేశమున పురాతనమైన యాచారము. బిడ్డలు లేనివారు వంశము నిలుచుటకును, భూవసతి చెదరకుండుటకును ఒక బాలుని దత్తు చేసికొందురు. అందు బిడ్డ యక్కరకంటె పెంచువారి యక్కరయే తరచుగా మిన్న. దిక్కులేని బిడ్డను ఆ బిడ్డ మేలుకొరకే యింటికి దెచ్చి పెంచుట వేరొక ధర్మము. అందు వంశము మాట లేదు, ఆస్తి మాట లేదు. ఆ ధర్మము నాచరించి చూపిన ఆంధ్రనారీమణులలో శ్రీమతి భండారు అచ్చమాంబ యెన్నదగినది.

ఈమె 1874వ సంవత్సరమున కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించెను. తండ్రి కొమర్రాజు వేంకటప్పయ్య. ఈమె పసితనముననే తండ్రి గతించెను. తమ్ముడు లక్ష్మణరావు అప్పటికి మూడేండ్లవాడు. సవతి యన్నయగు శంకరరావుగారి యండ ఆ కుటుంబమునకు లభించెను. లక్ష్మణరావుగారి తొలి చదువు భువనగిరిలో సాగినది. తండ్రిలేని బిడ్డకు ఒకరి నీడ యెంత యవసరమో అచ్చమాంబ ఈ విధముగా బాల్యముననే యెరిగెను.

చిన్నవయసుననే మేనమామ మాధవరావుగారితో ఈమెకు వివాహమైనది. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగి. అచ్చమాంబ తమ్ముని నాగపురమునకు రప్పించి, తన యింటనే యుంచుకొని చదివించెను. బడి మెట్లు ఎక్కని యామె, తమ్ముడు చదువుచుండగా తానును చదువుకొని తెలుగు, హిందీ, మరాఠీ భాషలలో ప్రవీణురాలయ్యెను. తాను పెంచిన తమ్ముడే తనకు గురువగుట యామె భాగ్యము.

కాని దైవ మామెయెడ దయచూపలేదు. కలిగిన కుమారుడును, కుమార్తెయు చిన్ననాడే గతించిరి. గర్భశోకము నెదుర్కొన్న తల్లికి ఇతరుల బిడ్డలను జూచుటయే కష్టమగుట లోకసహజము. అచ్చమాంబ తన శోకమును వేరుత్రోవకు మరల్చెను. అనాథ బాలబాలికలను తన యింటికి దెచ్చుకొని, అన్నవస్త్రములిచ్చి, విద్యాబుద్ధులు చెప్పించెను.

ఇట్టి పెంపకము వినుటకు సులభము, చేయుటకు దుర్ఘటము. తల్లిదండ్రులను గోల్పోయిన బిడ్డ ఒకపూట యన్నముతో ఊరట చెందడు. రాత్రివేళ ఉలికిపడును, ఊరక అలుగును, ఇచ్చినది దాచుకొనును, ఈ యింటినుండి కూడ ఎప్పుడు పొమ్మందురో యని జంకుచుండును. అట్టి బిడ్డకు సొంత బిడ్డకంటె ఎక్కువ యోర్పు చూపవలయును. అన్నసత్రము ఆకలి దీర్చగలదు. ఆ జంకు తీర్చుటకు ఇల్లే కావలయును.

ఇంటి భారమును, పిల్లల పెంపకమును వహించియు ఈమె కలము విడువలేదు. దేశమందలి ఉత్తమస్త్రీల చరిత్రములను సేకరించి రచించిన అబలాసచ్చరిత్ర రత్నమాల 1901లో వెలువడెను. 1902లో ధనత్రయోదశి యను కథను ప్రకటించెను. ఆ సంవత్సరమే బందరులో బృందావన స్త్రీసమాజమును నెలకొల్పుటకు తోడ్పడెను. స్త్రీవిద్యకై యామె పడిన పాటునకును, అనాథులకై పడిన పాటునకును మూల మొక్కటే: దిక్కులేనివారికి మొదటి దిక్కు విద్య.

1905 జనవరిలో, ముప్పదియేండ్ల ప్రాయమున, ప్లేగు వ్యాధిచే అచ్చమాంబ పరమపదించెను. ఆ మహమ్మారి ప్రబలినవేళ రోగులకు సేవచేయుచు ఆమె ఆ వ్యాధికే గురియయ్యెను.

ఆమె నాటిన మొక్క మాత్రము వాడలేదు. ఆమె యింట పెరిగిన లక్ష్మణరావుగారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపకులలో ఒకరై, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు సంపాదకులైరి. ఆ తొలి దీపమునుండియే తెలంగాణమున దీపములు వెలిగినవి. మన పరకాలకు చేరువనున్న హనుమకొండలో 1904లో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో తనకు కలిగిన కుమార్తెకు లక్ష్మణరావుగారు అక్కగారి పేరే పెట్టిరి. ఆ రెండవ అచ్చమాంబ వైద్యురాలై స్త్రీలకు సేవచేసి, 1957లో విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను.

గ్రంథాలయోద్యమ చరిత్రమును చెప్పువారు లక్ష్మణరావుగారి పేరు తప్పక తలతురు. ఆయనకు అన్నము పెట్టి చదివించిన యక్కను తలచుటయు న్యాయము. ప్రతి గ్రామమునను, ఇంటికి పోయిన పిదప భోంచేసితివా యని యడుగువారు లేని బాలుడో బాలికయో యుండకపోరు. పఠనమందిరమున దీపము వెలిగించుట మనకు తెలిసినది. అట్టి బిడ్డకై యింట నొక విస్తరి అదనముగా వేయగలవా రుండిననాడు అచ్చమాంబ జీవితము ఈ యూర సార్థకమగును.